అమల పథ్యం

విజయవాడ, వన్ టౌన్
4-2-1974

సర్వేశ్వరునికి స్తోత్రం.

వదినగారికి, మీ తమ్ముడి భార్య తెరేసమ్మ నమస్కారాలు.

అన్నయ్యగారి నడుం ఎలా ఉంది? అవిసె చెట్టు మీద నుంచి పడిన మనిషి నెల తిరక్కుండా దిండు ఆనుకుని కూర్చున్నారని తెలిసి మాకు ఇక్కడ ప్రాణం లేచొచ్చింది. తమలపాకు తోటలో అవిసె కొమ్మలు కొట్టే పని ఈ వయసులో ఆయనకెందుకని మీ తమ్ముడు రోజూ అంటున్నారు.

మన అమలకు తట్టు పోసింది. ముందే రాద్దామనుకున్నాను గాని, మంచం పట్టిన మనిషిని పెట్టుకున్న మీకు ఇంకో దిగులెందుకని ఆగాను. ఇవాళ్టికి పదకొండో రోజు. జ్వరం దిగింది. ఒంటి మీద దద్దులు నల్లబడి పొట్టు రాలుతోంది. నాలుగేళ్ళ పిల్ల రెండేళ్ళ పిల్లంత అయిపోయింది. ఎత్తుకుంటే బరువే తెలియడం లేదు. మా వీధిలో తట్టు తగ్గిందనుకున్నాక ఇద్దరు పిల్లలు పోయారు. అందుకే పిల్ల కళ్ళు మూసుకుంటే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

పథ్యం ఏం పెట్టాలో, ఎన్నాళ్ళు పెట్టాలో నాకు తెలియదు. మా అమ్మ ఉంటే ఆమెను అడిగేదాన్ని. ఇంటివాళ్ళావిడ వెంకటరత్నమ్మగారు ఒకటి చెబుతారు, పక్కవాటా వాళ్ళు ఇంకొకటి చెబుతారు. మీరు ఎలా రాస్తే అలా చేస్తాను.

మీ తమ్ముడు పనిచేసే లారీ బాడీల షెడ్డుకు కరెంటు కోత వచ్చింది. వారానికి మూడు రోజులే పని. అయినా మాకు లోటేమీ లేదు, మీరు మనసులో పెట్టుకోకండి. చంటాడు నా పాలే తాగుతున్నాడు.

మీ మరదలు,
తెరేసమ్మ


కొత్తలంక
9-2-1974

తెరేసమ్మకు శౌరమ్మ దీవెనలు.

మా లంకకు టపా మనిషి పడవ దాటి రావాలి. వస్తే వచ్చినట్టు, లేకపోతే వారం. నీ ఉత్తరం ఇవాళే చేతికొచ్చింది. రెండుసార్లు చదువుకుని, మూడోసారి మీ అన్నయ్యకు చదివి వినిపించాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అమలంటే ఆయనకు ఎంత ప్రాణమో నీకు తెలుసు కదా.

పథ్యం విషయంలో ఏమరుపాటు పనికిరాదు. తమ్ముడు అంతోనికి పైన మాకు మార్త అని ఒక చెల్లెలు ఉండేది. నువ్వు ఆ పేరు విని ఉండవు, మా ఇంట్లో ఎవరూ తలవరు. దానికీ తట్టు పోసింది, తగ్గింది. తగ్గింది కదా అని మా అమ్మ జాలిపడి గోంగూర పచ్చడి ముద్ద నోట్లో పెట్టింది. విరేచనాలు పట్టుకుని మూడో రోజుకు పోయింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు దాని గోళ్ళ సందున ఇంకా పచ్చడి ఎరుపు ఉంది.

అందుకని ఆకు అన్నది పిల్ల దగ్గరికి రానివ్వకు. గుమ్మడికాయ, బొప్పాయి, పప్పు, గుడ్డు, చేప ఏవీ వద్దు. పాతబియ్యం మెత్తగా వండి, మిరియాల చారు పోసి పెట్టు. ఒంట్లో సత్తువ వచ్చేదాకా ఇలాగే జరుపు.

ఈ నెల ఇరవై ఏడున విభూది బుధవారం. తమ్ముడి పని నిలబడాలని ఈ తపస్సు కాలం నలభై రోజులూ ఇంట్లో నీసు పొయ్యెక్కించనని గుణదల మాతకు మొక్కుకో. ఖర్చూ కలిసొస్తుంది, ప్రార్థనా దేవుడి చెవిన పడుతుంది. ఉన్నదాంట్లో సర్దుకుని తినడం కూడా జపమే తల్లీ.

మీ అన్నయ్య మంచం మీద నుంచే తోటను ఏలుతున్నారు. ఆ తీగ కట్టారా, ఈ కొమ్మ కొట్టారా అని ఒకటే కేకలు. కొట్టిన అవిసాకు తిని మా మేకలు మాత్రం కాగుల్లా తయారయ్యాయి. మా తోట మనిషి జక్కయ్య తమలపాకు బుట్టలతో మీ వన్ టౌన్ మార్కెట్టుకు వచ్చినప్పుడు నాలుగు కుంచాల సన్నబియ్యం పంపుతాను.

పిల్ల తలమీద నా పేరు చెప్పి సిలువ గుర్తు వెయ్యి.

శౌరమ్మ


విజయవాడ
8-3-1974

సర్వేశ్వరునికి స్తోత్రం.

వదినగారికి నమస్కారాలు. బియ్యం అందాయి. జక్కయ్యకు మజ్జిగ ఇద్దామంటే ఇంట్లో లేక, దాహానికి మంచినీళ్ళే ఇచ్చాను. ఏమీ అనుకోలేదు, మంచివాడు.

మీరు చెప్పినట్టే గుణదల కొండ ఎక్కి, కొవ్వొత్తి వెలిగించి మొక్కుకున్నాను. బుధవారం నుంచి మా ఇంట్లో నీసు లేదు. కానీ మీ తమ్ముడితోనే నాకు గొడవగా ఉంది. మొన్న పని నుంచి వచ్చి భుజం మీది తుండు తీసి ఇస్తే చేపల పులుసు వాసన వచ్చింది. అడిగాను.

"పక్క మేస్త్రీ తన క్యారేజీలో రెండు ముక్కలు పెట్టాడు, తిన్నాను" అన్నారు.

"మొక్కు సంగతి మరిచారా?"

"మొక్కింది నువ్వు. సుత్తి కొట్టేది నేను. ఈ చేతికి చారు సరిపోదే తెరేసా."

నవ్వుతూనే అన్నారు గాని, నాకు చెడ్డ భయం పట్టుకుంది. మొక్కు సగంలో పాడైతే ఉన్న మూడు రోజుల పనీ పోతుందేమో. ఇంట్లో కూడా వండమని అడుగుతున్నారు. మీరు పెద్దవారు, ఒక మాట రాయండి. మీ మాట వింటారు.

అమల పథ్యం ఇంకా తీయలేదు. సత్తువ రాలేదు కదా. చారన్నం తింటోంది, అంతకు మించి అడగడం కూడా మానేసింది. చీకటంటే ఎందుకో భయపడుతోంది. సందె పడగానే గడపలో కూర్చుండిపోతుంది, పిలిచినా రాదు. "ఏమ్మా, పిల్లకు దయ్యాల కథలు చెబుతున్నావా?" అని వెంకటరత్నమ్మగారు నవ్వారు. తట్టు జ్వరంలో దడుసుకుందేమో అనుకుంటున్నాను.

మీ మరదలు,
తెరేసమ్మ


విజయవాడ
14-3-1974

వదినగారికి,

నా మొన్నటి ఉత్తరం అందిందో లేదో. ఇది చూసిన వెంటనే జవాబు రాయండి.

అమలది భయం కాదు. నిన్న సందెవేళ దాని ముందు అన్నం కంచం పెట్టాను. ఇంకా వీధిలో వెలుతురుంది, నాకు చారులో మిరియపు పలుకులు కూడా కనిపిస్తున్నాయి. అమల కంచం పక్కన నేల మీద చేత్తో తడుముతోంది. "ఏం వెతుకుతున్నావే?" అన్నాను. "అన్నం ఎక్కడ పెట్టావమ్మా?" అంది.

వెంకటరత్నమ్మగారిని పిలిచాను. ఆవిడ దాని మొహం ముందు చెయ్యి ఆడించి చూసి, "ఇది రేచీకటే పిల్లా. పగలు కనపడుతుంది, సందె పడితే గుడ్డే. మా మేనమామకు వచ్చింది. మేక కార్జం నిప్పుల మీద కాల్చి పెట్టారు, వారంలో తగ్గింది. రేపే తెప్పించు" అన్నారు.

తపస్సు కాలంలో కార్జం ఎలా వండను? దేవమాత ముందు నోరు విప్పి మొక్కుకున్నాను. మొక్కు తెంచితే ఆ దెబ్బ పిల్ల మీదే పడుతుందేమో. తెంచకపోతే దాని కళ్ళు ఏమవుతాయో. మీ తమ్ముడు తెంచేయమంటున్నారు, ఆయనకు మొదటి నుంచీ పట్టింపు లేదు. నాకు మీ మాటే కావాలి. వండమంటే వండుతాను, వద్దంటే మానుతాను.

తెరేసమ్మ


కొత్తలంక
15-3-1974

తెరేసమ్మకు శౌరమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి మనసు కలత పడింది. నువ్వు భయపడవద్దు. భయం సైతాను పని. దేవుడి ముందు పెట్టిన మొక్కును మధ్యలో తెంచే ఆలోచన రానివ్వకు. ఎవరు ఏం చెప్పినా, ఇంట్లోవాళ్ళు ఎంత బతిమాలినా, పాస్క పండుగ దాకా నీ పొయ్యి మీద నీసు పెట్టకు. ఆ నాలుకకు ఒకసారి లొంగితే ఇక అంతు ఉండదు. ఏసునాథుడు నలభై రోజులు పస్తున్నాడు. మనకు ఇంకా నెల్లాళ్ళే.

అమల సందెవేళ కదలకపోతే కంగారు పడకు. తట్టు పోసిన పిల్లలు అలాగే దడుసుకుంటారు. దాని మెడలో మరియమాత పతకం కట్టు, పడుకునే ముందు మంగళవార్త జపం చెప్పించు. మెల్లగా అదే సర్దుకుంటుంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మీ అన్నయ్య కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశారు. నాలుగో అడుగుకి నన్ను తిట్టారు, అంటే బాగున్నట్టే.

శౌరమ్మ


విజయవాడ
20-3-1974

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం సోమవారం అందింది. పదిహేనో తేదీ వేసి ఉంది. అంటే నా ఉత్తరం అందిన రోజే కూర్చుని రాశారన్నమాట. ఎంత ఆత్రంగా రాశారో అనుకుని కళ్ళకద్దుకున్నాను. మీరు వద్దన్నారు కాబట్టి మానేశాను.

ఆ సాయంత్రమే వెంకటరత్నమ్మగారు గిన్నె మీద ఆకు కప్పి తెచ్చారు. ఆవిడ సోమవారాలు శివుడికి ఒంటిపూట ఉంటారు, ఆ రోజు వాళ్ళింట్లో ఉల్లిపాయ కూడా తరగరు.

"మా పనిమనిషి చేత పెరట్లో వండించాను. వేడిగా ఉంది, పిల్లకు పెట్టు" అన్నారు.

"మా వదినగారు వద్దని రాశారండీ. మొక్కు ఉంది."

"సోమవారం పూట నా పెరట్లో కార్జం ఉడికింది. నా మొక్కు సంగతి నేను మా శివుడితో చెప్పుకుంటాను. మీ దేవుడు పసిపిల్లల నోరు కూడా కట్టమన్నాడా?"

నేను గిన్నె ఆవిడ చేతిలోనే పెట్టాను. ఆవిడ దాన్ని తీసుకుని వెళ్ళిపోయారు. అప్పటి నుంచి మాట్లాడటం లేదు.

వదినా, ఇప్పుడు పగలు కూడా అమల కళ్ళు నులుముకుంటోంది. తెల్లగుడ్డు మీద సబ్బు నురుగులాంటి మచ్చ కనిపిస్తోంది, తుడిస్తే పోవడం లేదు. నిన్నటి నుంచి విరేచనాలు. పతకం కట్టాను. జపం చెబుతోంది గాని సగంలో ఆగిపోతోంది. మీ తమ్ముడు నాతో మాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చుంటున్నారు. మీ మాట తప్పలేదు, నేను తప్పు చేయలేదు కదా? ఒక్కసారి రాయండి.

తెరేసమ్మ


కొత్తలంక
21-3-1974

తెరేసమ్మా,

ఇది జక్కయ్య చేతికిచ్చి పంపుతున్నాను. రేపు మొదటి బస్సుకే ఎక్కుతాడు. చదివే ముందు పిల్లకు ఏదైనా పెట్టు. జక్కయ్య బుట్టలో అవిసాకు, మునగాకు, రెండు బొప్పాయిపళ్ళు, ఆరు గుడ్లు ఉన్నాయి.

నీ పద్నాలుగో తేదీ ఉత్తరం ఈ పొద్దున చేతికొచ్చింది. గాలికి పడవ కదలక వారం అవతలి ఒడ్డునే ఉండిపోయింది. నేను పదిహేనున రాసినది దానికి జవాబు కాదు. అది నీ ఎనిమిదో తేదీ ఉత్తరానికి జవాబు. అంతోని చేపల కోసం మారాం చేస్తున్నాడని రాశావే, దాని గురించి రాశాను. పిల్ల కళ్ళ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆ కాగితం చించి పొయ్యిలో వెయ్యి. పిల్లలకు ఉపవాసం లేదు, జబ్బు మనిషికి లేదు. ఏ దేవుడూ అడగడు. కార్జం కొని పెట్టు. వండితే వచ్చే పాపం నాది.

మిషను ఆస్పత్రి నర్సు మాణిక్యం నెలకొకసారి పడవ దాటి వస్తుంది. టపా మనిషి వచ్చేసరికి మీ అన్నయ్య నడుం చూస్తోంది. ఉత్తరం ఆమె ముందే చదివాను.

"పిల్లకు ఏం పెడుతున్నారు?" అంది.

"పథ్యం" అన్నాను.

"తట్టు తగ్గి నెలన్నర అయింది. ఇంకా పథ్యమా? ఎవరు చెప్పారు?"

మీ అన్నయ్య మంచం మీద నుంచి, "ఇదిగో, ఈవిడే" అన్నారు.

మాణిక్యం కోప్పడలేదు. కిటికీలోంచి పెరట్లోకి చూపించింది. "ఆ మేకలు తింటున్నది ఏంటమ్మా? అవిసాకు. కంటికి అంతకు మించిన మందు నా పెట్టెలో లేదు. తట్టు పిల్లల ఒంట్లో ఉన్న కంటిసత్తువంతా ఊడ్చుకుపోతుంది. అప్పుడే ఆకు పెట్టాలి, అప్పుడే మీరు మాన్పిస్తారు" అంది. కళ్ళు పొడిబారినా, నురుగులా మచ్చ కనిపించినా, విరేచనాలు పట్టుకున్నా ఇంట్లో ఉంచకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తమంది. నల్లగుడ్డు మెత్తబడితే ఒక్క పూటలో పోతుందట.

నేనే వచ్చేదాన్ని. ఈయనను బయటికి తీసుకెళ్ళే మనిషి లేడు. జక్కయ్య చేతికి రెండు ముక్కలు రాసిచ్చి పంపు. నీ చేత్తో రాయలేకపోతే ఊరికే 'చూపు ఉంది' అని రాయించు చాలు.

శౌరమ్మ


విజయవాడ
27-3-1974

వదినగారికి,

జక్కయ్య వచ్చేసరికి ఇంటికి తాళం. పక్కవాటా వాళ్ళు ఆస్పత్రికి దారి చెప్పి పంపారు. శుక్రవారం తెల్లవారేసరికి అమల ఎడమ కన్ను తెరవలేదు. వెలుతురు తగిలితే కెవ్వుమంది. నేను అరిచిన అరుపుకు వెంకటరత్నమ్మగారే పరుగెత్తుకొచ్చి రిక్షా పిలిచారు, పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దారిలో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మీ ఉత్తరం ఆస్పత్రి వరండాలో నిలబడి చదివాను. మళ్ళీ చదివాను. మీ పదిహేనో తేదీ కాగితం నా రవికలోనే ఉంది. దాన్ని చించలేదు.

డాక్టరుగారు చిన్నవాడే. అమల రెప్ప ఎత్తి టార్చిలైటు వేసి చూశారు.

"ఏం పెడుతున్నావమ్మా?"

"పథ్యమండీ."

"పథ్యమంటే?"

"చారన్నం."

"ఎన్నాళ్ళ నుంచి?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "నలభై రోజులండీ" అన్నాను. ఆయన కలం కింద పెట్టి మీ తమ్ముడి వైపు చూశారు. మీ తమ్ముడు తల వంచుకున్నారు.

ఏదో నూనె మందు చెంచాతో నోట్లో పోశారు, మర్నాడు మళ్ళీ పోశారు. విరేచనాలకు సీసా ఎక్కించారు. కుడి కన్ను దక్కుతుంది అన్నారు. ఎడమ కంటికి కట్టు కట్టారు. దాని నల్లగుడ్డు మీద పుండు పడిందట. ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నారు.

మీకు ఒక నిజం రాయాలి వదినా. ఒంట్లో సత్తువ వచ్చేదాకా అని మీరు రాశారు. నేను అంతకాలం పథ్యం ఎందుకు నడిపానో తెలుసా? పథ్యం చవక. పప్పు కొననక్కర్లేదు, పాలు కొననక్కర్లేదు. పిల్లకు చారు మెతుకులు పెడుతున్నావేమని ఎవరైనా అడిగితే 'లేదు' అని చెప్పనక్కర్లేదు, 'పథ్యం' అంటే చాలు. ఎవరూ జాలిపడరు. పైగా జాగ్రత్తగల తల్లి అంటారు. తర్వాత మొక్కు వచ్చింది, అదీ అలాగే అక్కరకొచ్చింది. లోటు లేదని మీకు రాసిన రోజున కూడా మా ఇంట్లో లోటే.

కానీ మీరు ఆకు మాన్పించారు. మీ మాటే దేవుడి మాట అనుకున్నాను. వెంకటరత్నమ్మగారి గిన్నె ఆ సోమవారమే నా చేతిలో ఉంది. ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

తెరేసమ్మ


కొత్తలంక
2-4-1974

తెరేసమ్మకు,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. నేను నీకు సమాధానం చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

మార్త పోయినప్పటి నుంచి ఆకును చూస్తే నాకు భయం. నలభై ఏళ్ళ నా భయాన్ని నీకు మందని చెప్పి పంపాను. మార్త గోంగూర వల్ల పోలేదని, తట్టు తర్వాత వచ్చే విరేచనాలే పసిపిల్లలను తీసుకుపోతాయని మాణిక్యం చెబుతోంది. అంటే మా అమ్మ బతికినన్నాళ్ళూ ఊరికే ఏడ్చి చచ్చిపోయింది.

నాది ఇంకొక తప్పు కూడా ఉంది. మా పెరట్లో ఆకు మేకలకు పోగా కుళ్ళిపోతోంది. జక్కయ్య నెల నెలా నీ వీధికే వస్తాడు. ఒక్కసారి కూడా కట్ట పంపలేదు. పట్నంలో ఉన్న మరదలికి మేకల మేత పంపిందంటారని సిగ్గుపడి సన్నబియ్యం పంపాను. ఫాదరుగారి దగ్గర పాపసంకీర్తనం చేశాను. ఆయన క్షమించమని దేవుణ్ణి అడిగారు. నాకు మాత్రం నిద్ర రావడం లేదు. కళ్ళు మూసుకుంటే కట్టు కట్టిన కన్ను కనిపిస్తోంది.

మాణిక్యాన్ని కూర్చోబెట్టి అడిగాను, తక్కువ డబ్బుతో నలుగురు మనుషులకు ఏం పెట్టాలని. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. అన్నం వార్చి గంజి పారబొయ్యకు, సత్తువంతా అందులోనే పోతుందట. నీళ్ళు సరిపెట్టి అత్తెసరు పెట్టు. గుప్పెడు కందిపప్పు అయినా సరే, దానికి రెండింతలు ఆకు వేసి ఉడికించు, ఆఖరున చెంచాడు నూనె తాలింపు వెయ్యి, నూనె లేకపోతే ఆకులోని మందు ఒంటికి పట్టదట. పాలు కొనలేకపోతే కొనవద్దు, వేరుశనగపప్పు వేయించి కొట్టి బెల్లంతో ఉండ చేసి పిల్లకు చేతిలో పెట్టు. రేషనులో జొన్నలు ఇస్తే నామోషీ పడకుండా తెచ్చుకో. పండగ వెళ్ళాక రొయ్యపొట్టు చిటికెడు వేస్తే తోటకూర కూడా అంతోని నోటికి పులుసులాగే ఉంటుంది. నీకు కూడా పెట్టుకో. చంటాడు నీ నుంచే తాగుతున్నాడు.

ఇకనుంచి ప్రతి మంగళవారం జక్కయ్య బుట్టలో ఆకు వస్తుంది. నువ్వు తీసుకుంటావో, గుమ్మంలోనే తిప్పి పంపుతావో నీ ఇష్టం.

కన్ను గురించి ఏదైనా సరే రాయి.

శౌరమ్మ


కొత్తలంక
10-4-1974

తెరేసమ్మా,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. జక్కయ్య ఆస్పత్రికే వెళ్ళి ఇస్తే ఆకు నువ్వే అందుకున్నావని చెప్పాడు గాని, పిల్ల లోపల పడుకుని ఉందట, చూడలేదట. అడగకుండా ఎందుకొచ్చావని వాణ్ణి తిట్టాను. వాడు తల గోక్కుంటూ, "అడిగితే ఆ తల్లి ఏడుస్తుందేమోనమ్మా" అన్నాడు.

టపా పడవ కనిపిస్తే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వస్తున్నాను. మీ అన్నయ్య కర్ర పోటేసుకుంటూ రేవు దాకా వెళ్ళి నిలబడుతున్నారు. మొన్న మ్రానికొమ్మల ఆదివారం పూజలో అందరూ పాడుతుంటే నేను బయటికొచ్చి కూర్చున్నాను. నాతో మాట్లాడటం నీకు ఇష్టం లేకపోతే తమ్ముడి చేత ఒక కార్డు ముక్క రాయించు. నా మీద కోపం ఉంటే ఉందని రాయి. ఏమీ తెలియకుండా మాత్రం ఉంచకు.

శౌరమ్మ


విజయవాడ
16-4-1974

సర్వేశ్వరునికి స్తోత్రం.

వదినగారికి, అన్నయ్యగారికి పాస్క పండుగ శుభాకాంక్షలు.

శనివారం ఆస్పత్రి నుంచి ఇంటికి పంపారు. ఇన్నాళ్ళూ రాయలేదంటే కోపంతో కాదు. ఏమి రాయాలో డాక్టరుగారు నాకే చెప్పలేదు. కట్టు విప్పేదాకా ఆగాను.

కుడి కన్ను బాగుంది. నిన్న సందెవేళ వెంకటరత్నమ్మగారు ఆవిడ గడపలో కూర్చుని, "ఏమే అమలా, నా చేతిలో ఏముందో చెప్పు, నీకే ఇస్తా" అన్నారు. "అరటిపండు" అని పరుగెత్తింది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "దీనికి కళ్ళు లేవన్న వాళ్ళెవరే, నా పండు కాస్తా పోయింది" అన్నారు. మేమిద్దరం ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం.

ఎడమ కంటిలో పువ్వు వేసింది. నల్లగుడ్డు మధ్యలో తెల్లగా, బియ్యపు గింజంత. ఆ కంటితో వెలుతురు, చీకటి తెలుస్తాయేమో గాని, మనిషి ఆనడు అన్నారు. పెద్దయ్యాక ఏదైనా చేయవచ్చేమో అన్నారు. నాకోసం అన్నారేమో.

నా మీద కోపం ఉంటే రాయమన్నారు. ఉంది. మీకు ఇక అబద్ధం రాయకూడదని అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను. మీ మీద ఉన్నదానికంటే నా మీద ఎక్కువ ఉంది. ఆదివారం పూజలో ఫాదరుగారు సమాధానం పంచుకోండి అన్నప్పుడు మీరే మనసులోకి వచ్చారు. ఇంకా కొన్నాళ్ళు పట్టేలా ఉంది వదినా. అంతవరకూ ఆకు మాత్రం ఆపకండి. పోయిన వారం కట్టతో రెండు పూటలు గడిచాయి. మీ తమ్ముడికి పని ఇంకా మూడు రోజులే. నూనె అడుగంటింది. కందిపప్పు ఒక సోలెడు ఉంది. ఇంట్లో ఉన్నది ఇదే.

రోజూ పొద్దున అమల కుడి కన్ను నా అరచేత్తో మూసి, ఎడమ కంటి ముందు వేళ్ళు పెట్టి చూస్తున్నాను. పెట్టవద్దని మీ తమ్ముడు అంటారు, మానలేకపోతున్నాను. "కనపడుతోందా తల్లీ?" అంటే "కనపడుతోందమ్మా" అంటుంది. "ఎన్ని?" అంటే రెండు అంటుంది, మూడు అంటుంది, నా మొహం వైపు చెవి పెట్టి వింటూ చెబుతుంది. మొదటి రోజు ఒకసారి సరిపోయింది, నేను పిచ్చిదానిలా సంతోషపడ్డాను. ఇవాళ చేయి అసలు ఎత్తకుండానే అడిగాను. "కనపడుతోందమ్మా, రెండు" అంది.

నన్ను భయపడవద్దని అంటోంది వదినా. నాలుగేళ్ళ పిల్ల. నా దగ్గరే నేర్చుకుంది.

దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాను. "కనపడకపోతే కనపడలేదని చెప్పాలి. అమ్మ కొట్టదు, అమ్మ ఏడవదు. ఇంట్లో లేకపోతే లేదని అమ్మ కూడా చెబుతుంది" అన్నాను. మెడలో పతకం నోట్లో పెట్టుకుని తీసింది.

"అయితే కనపడట్లేదు" అంది. "అన్నం పెట్టు, ఆకలేస్తోంది."

మీ మరదలు,
తెరేసమ్మ